ఉప్పుకుప్ప మీద నుంచి

చెల్సీలో వంతెన పక్కన మైదానం.
పచ్చగా కనిపించేది గడ్డి కాదు, ప్లాస్టిక్.
ఆడి ఇంటికెళ్తే బూట్లలోంచి నల్లటి రబ్బరు పలుకులు
స్నానాలగది దాకా రాలుతూనే ఉంటాయి.
కంచె అవతల వాగు. వాగు ఒడ్డున
మంచు పడితే రోడ్ల మీద చల్లడానికి ఓడల్లో వచ్చిన ఉప్పు,
మూడంతస్తుల ఎత్తు.

నేను శనివారాల రెఫరీని.
మ్యాచ్‌కి నలభై అయిదు డాలర్లు, తిట్లు ఉచితం.
మిగతా అయిదు రోజులూ బోస్టన్ ఆస్పత్రి ల్యాబ్‌లో
ఎవరెవరి రక్తాలో లెక్కపెడుతుంటాను.

ఆయన నాహుమ్ బర్దాలెస్. పిల్లలు ‘ప్రోఫె’ అంటారు,
మనం మేష్టారూ అన్నట్టే, అంతే చనువు, అంతే భయం.
హోండురస్‌లో తేలా రేవు ఆయనది.
అక్కడ రెండో డివిజన్లో ఏడు జట్లు నడిపాడట,
తొమ్మిదిసార్లు ఉద్యోగం ఊడిందట.
ఏడు జట్లకి తొమ్మిదిసార్లేమిటి అన్నాను.
“రెండు జట్లు మళ్లీ పిలిచి మరీ పీకేశాయి.”

ఒక ప్రెసిడెంటు జీతం బదులు అరటిగెలలు పంపాడు.
ఇంకొకడికి ఎదురుగా చెప్పే మొహం లేక
రేడియోలో చెప్పించాడు.
అప్పుడాయన మంగలికుర్చీలో ఉన్నాడు, సగం గడ్డం గీసి ఉంది.
మంగలి ఆ పూట డబ్బులు తీసుకోలేదు.
జీవితంలో ఒకే ఒక్క ఫైనల్.
ఎనభై తొమ్మిదో నిమిషం దాకా గెలుపే.
ఆ తర్వాతి సంగతి ఎవరడిగినా
నీళ్లసీసా మూత తీసి, తాగకుండానే
మళ్లీ మూత బిగిస్తాడు.

ఇప్పుడు ఆ ఉప్పుకుప్ప దగ్గరే లోడర్ నడుపుతాడు.
కనురెప్పల మీద తెల్లటి పొడి.
సాయంత్రమైతే పదమూడేళ్లలోపు పిల్లలు పద్దెనిమిది మంది,
బంతులు పదకొండు, అందులో రెండింటికి గాలి నిలవదు.
ఎవరికి ఏ కాలు మీద నమ్మకం లేదో తెలుసు.
ఎవడు పొద్దున్నుంచీ ఏమీ తినలేదో
బంతి ఆపే తీరులోనే పట్టేస్తాడు.
అప్పుడు కోటు జేబులోంచి రేకుకాగితం,
అందులో బీన్స్ ముద్ద పెట్టి మడిచిన రొట్టె,
ఇంకా వెచ్చగా.

మొన్న అక్టోబరులో ఆయన్ని నేను బయటికి పంపాను.
పెనాల్టీ ఇచ్చానని
గీత దాటి రెండడుగులు లోపలికొచ్చి
నా కళ్లద్దాల గురించి స్పానిష్‌లో ఏదో అన్నాడు.
అర్థం కాలేదు. అర్థమైంది కూడా.
ఉప్పూ కారం తినే మనిషిని, ఊరుకుంటానా?
ఎర్రకార్డు ఎత్తాక తెలిసింది
చెయ్యి వణుకుతోందని.

గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లాడు.
అయిదు నిమిషాలకి పిల్లలంతా బంతి మానేసి
ఒకేసారి పైకి చూశారు.
కుప్ప కొసన, విమానాలు దిగే ఆకాశం కింద, ఆయన.
నోరు మెదపలేదు.
టోపీ ఎడమచేతికి మార్చుకున్నాడు,
మధ్యలో ఆడేవాళ్లు ఎడమకి జరిగారు.
ఉప్పులో కూలబడ్డాడు,
వెనకవరస మొత్తం నాలుగడుగులు వెనక్కి తగ్గింది.
చూశాను.
పంపేసిన కోచ్ ఎంత దూరంలో ఉండాలో రూల్స్ పుస్తకంలో ఉంది,
ఎంత ఎత్తులో అన్నది లేదు.
విజిల్ పెదాల మధ్యే ఉంచుకున్నాను.

మూడు రెండుతో ఓడిపోయారు.
ఎవరి తల్లో ఫోన్లో వీడియో ఆపి చూపించింది,
వాడి చేతికి తగల్లేదు బంతి, తొడకి తగిలింది.

ఆయన దిగొచ్చి బెంచీ మీద కూర్చుని
బూట్లలోంచి ఉప్పు దులుపుకుంటున్నాడు.
“మూడు దేశాల్లో గెంటించుకున్నాను.
చెయ్యి వణికిన రెఫరీని మాత్రం ఇప్పుడే చూశాను.”
పెనాల్టీ తప్పు, అన్నాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
సీసా మూత తీసి
నా చేతికిచ్చాడు.

ఆయన వేళ్లు తగిలిన చోట
సీసా మూతి ఉప్పగా ఉంది.

వచ్చే శనివారం కూడా
వాళ్ల మ్యాచ్ నాకే వేశారు.